గడ్డిదుబ్బులో కరాళుడి ప్రాణం

అనగనగా, మీ తాతగారి తాతగారు కూడా ఇంకా ఉయ్యాల ఎక్కని రోజుల్లో, సింగవర్మ అని ఒక రాజుగారు ఉండేవారు. ఆయన రాజ్యంలో బంగారు గనులు లేవు, రత్నాల రాశులు లేవు. ఉన్నదల్లా గడ్డి! కొండవాలున గడ్డి, మైదానంలో గడ్డి, ఇళ్ళ కప్పుల మీద గడ్డి. ఆ గడ్డి తిని ఆవులు పాలిచ్చేవి. ఆ పాలు తాగి పిల్లలు అల్లరి చేసేవారు. ఇంతకన్నా ఏ రాజుకైనా ఏం కావాలి చెప్పండి?

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరమల్లుడు, కత్తి పట్టాడంటే ఎదురు నిలిచేవాడు లేడు. నడిపివాడు వీరమల్లుడు, కోపం వచ్చిందంటే ఊరు తగలబెట్టేదాకా ఊరుకోడు. చిన్నవాడు చిట్టిమల్లుడు. వీడికి కత్తీ రాదు, కోపమూ రాదు. పొద్దస్తమానం ఆవుల వెంట తిరగడం, ఏ ఆవు ఏ గడ్డి దగ్గర ఆగుతుందో చూస్తూ కూర్చోవడం, ఇదీ వీడి రాచకార్యం. "వీడు రాకుమారుడా, పాలేరా?" అని అన్నలు వెక్కిరించేవారు. వాడు నవ్వేసి ఊరుకునేవాడు. నవ్వడం మాత్రం బాగా వచ్చు వాడికి.

ఇలా ఉండగా పొరుగు రాజ్యంలో పెద్ద గోల పుట్టింది. ఏడు సముద్రాల అవతల కరాళుడని ఒక మాంత్రికుడున్నాడు. వాడికి నేలమీద పాకేంత పొడవు జడలు. చేటలో కూర్చుని ఆకాశంలో తిరుగుతాడు. ఒకనాడు తన జడలు చిక్కుపడ్డాయని, చిక్కు తీసే దిక్కు లేదని, పొరుగు రాజుగారి కూతురు పొన్నవల్లిని చేటలో వేసుకుని ఎత్తుకుపోయాడు. ఎంత సోమరో చూశారా? దువ్వుకోవడానికి బద్ధకించి పిల్లనెత్తుకుపోయాడు!

"నేను తెస్తాను" అని ధీరమల్లుడు కత్తి తీసుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు.

"నేను తెస్తాను, అన్ననీ తెస్తాను" అని వీరమల్లుడు కాగడా తీసుకుని వెళ్ళాడు. వాడూ తిరిగి రాలేదు.

రాణి మాచాంబకు అన్నం సహించడం మానేసింది. పొద్దున లేస్తే వీధి వాకిట్లో కూర్చుని దారివంక చూడటమే. అది చూడలేక చిట్టిమల్లుడు, "అమ్మా, నేను వెళ్ళొస్తా" అన్నాడు.

"నువ్వు కూడానా? ముగ్గురినీ పోగొట్టుకుని నేనెలా బతకనురా చిన్నోడా?"

"పోగొట్టుకోవద్దమ్మా. ముగ్గురం కలిసే వస్తాం. నేనొక్కణ్ణే అయితే అసలు రాను."

ఆ మాట విని ఆవిడ ఇంకా ఏడ్చింది. అయినా అటుకులు మూటగట్టి ఇచ్చింది.

ఏడు సముద్రాలు ఎలా దాటాడని మీరు అడుగుతారని నాకు తెలుసు. ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. చిట్టిమల్లుడు దాన్ని తిరగేసి నిలబెట్టాడు. "ఎక్కు నాయనా" అంది అది. ఉప్పు సముద్రం దాటారు, చెరకు రసం సముద్రం దాటారు, కల్లు సముద్రం కళ్ళు మూసుకుని దాటారు. నేతి సముద్రంలో తాబేలు జారింది. పెరుగు సముద్రంలో ఇరుక్కుంది. పాల సముద్రం దగ్గర మాత్రం కొంచెం ఆలస్యమైంది. అటుకులు మూటలో ఉన్నాయి, పాలు ఎదురుగా ఉన్నాయి, ఇంకేం చెప్పను? చివరికి మంచినీళ్ళ సముద్రం దాటి కరాళుడి దీవికి చేరారు.

దీవి నిండా గడ్డి మైదానం. మధ్యలో నల్లరాతి మేడ. మేడ గుమ్మానికి అటొక రాతిబొమ్మ, ఇటొక రాతిబొమ్మ. ఒకటి కత్తి ఎత్తి ఉంది, ఒకటి కాగడా ఎత్తి ఉంది. చిట్టిమల్లుడు దగ్గరికి వెళ్ళి చూశాడు. వాళ్ళు అతని అన్నలే! నవ్వడం తప్ప ఏమీ రానివాడు ఆ పూట వెక్కివెక్కి ఏడ్చాడు.

ఏడుపయ్యాక మేడ లోపలికి తొంగి చూశాడు. కరాళుడు లేడు, చేటెక్కి ఎక్కడికో పోయాడు. పంజరంలో పచ్చని చిలక ఒకటి ఉంది. చిన్నప్పటి నుంచీ విన్న కథలన్నీ గుర్తొచ్చి, చిట్టిమల్లుడు పంజరం తలుపు తీసి దాని మెడమీద చెయ్యి వేశాడు.

"ఆగు ఆగు ఆగు!" అని అరిచింది చిలక. "మాంత్రికుడి ప్రాణం చిలకలోనే ఉంటుందని ఎవడు చెప్పాడు మీకందరికీ? నా మెడ పిసికితే వాడు చావడు నాయనా, నేను చస్తాను! వచ్చిన ప్రతివాడూ ముందు నా గొంతే పట్టుకుంటాడు. ఈ దీవిలో బతకడమే గండమైపోయింది."

పక్కగదిలోంచి గలగలా నవ్వు వినిపించింది. పొన్నవల్లి! ఆమె కాలికి వెండి సంకెల ఉంది. గడప దాటనివ్వదు ఆ సంకెల.

"గుమ్మంలో అన్నల కోసం మీరు ఏడవడం విన్నాను. అది చెప్పింది నిజమే" అంది ఆమె. "వాడి ప్రాణం మైదానంలో ఒక బోదగడ్డి దుబ్బులో ఉంది. మీ పెద్దన్నగారు దాన్ని కత్తితో మొదలంటా కోసేశారు. కరాళుడు దబ్బున పడ్డాడు, జడలన్నీ ఊడిపోయాయి. చచ్చాడనుకున్నాం గానీ నా సంకెల ఊడలేదు. తొలకరి పడింది. దుబ్బు మళ్ళీ పిలకలు వేసింది, ముందుకన్నా రెట్టింపు! వాడూ రెట్టింపు బలంతో లేచి మీ అన్నగారిని రాయిని చేశాడు."

"మరి నడిపి అన్న?"

"ఆయన దుబ్బుకు నిప్పు పెట్టారు. ఈసారి వాన పడ్డాక వాడు పెళ్ళికొడుకులా లేచాడు. జడలకు ఎంత మెరుపో! దువ్వలేక నా చేతులు పడిపోయాయి."

చిట్టిమల్లుడు చిలకను భుజాన వేసుకుని మైదానంలోకి వెళ్ళాడు. చిలక చూపించిన దుబ్బు మిగతా దుబ్బుల్లాగే ఉంది. నడుము ఎత్తు పరకలు, చుట్టూ కాస్త ఖాళీ నేల, ఆ తర్వాత ఇంకో దుబ్బు. అతను తొందరపడలేదు. ఆవుల దగ్గర కూర్చున్నట్టే దాని పక్కన కూర్చున్నాడు.

ఒక నల్లజింక వచ్చి దుబ్బు కొసలు కొరికింది. "మామా, నువ్వు తింటే ఇది చావదా?" అని అడిగాడు.

"ఎందుకు చస్తుంది? దీని మొలక నేలలో మొదలు దగ్గర ఉంటుంది. నేను తినేది పైన. నేను కొరికినకొద్దీ పక్కనుంచి కొత్త పిలక వేస్తుంది" అంది జింక.

దుబ్బుల మధ్య ఖాళీలోంచి పూరేడుపిట్ట తుర్రుమంది. "అత్తా, నిప్పు వస్తే ఏమవుతుంది?"

"నేను పారిపోతాను. ఎండుపుల్లలు కాలిపోతాయి. తిరిగొచ్చేసరికి పచ్చి పిలకలకు ఎండ తగులుతుంటుంది, నా పిల్లలకు పరిగెత్తడానికి చోటుంటుంది. అప్పుడప్పుడూ నిప్పు రాకపోతే నాకే ఇబ్బంది."

కలుగులోంచి పందికొక్కు తల పెట్టింది. "బాబాయ్, పోనీ వేళ్ళతో సహా తవ్వేస్తే?"

"తవ్వు చూద్దాం! నా కలుగు కన్నా లోతుకు పోయాయి దీని వేళ్ళు. ఎండాకాలం నువ్వు చూడని నీళ్ళు తాగుతాయవి. ఒక్క పిలక మిగిలినా మళ్ళీ లేస్తుంది."

"మరి దీనికి చావే లేదా?" అన్నాడు చిట్టిమల్లుడు దిగులుగా.

పూరేడుపిట్టే చెప్పింది. "అదిగో ఆ రాతి తిన్నె ఎక్కి చూడు. అక్కడికి జింక ఎక్కలేదు, నిప్పు పాకలేదు. అక్కడి గడ్డికి ఏ కష్టమూ లేదు. నేను మాత్రం అక్కడ గుడ్లు పెట్టను."

చిట్టిమల్లుడు తిన్నె ఎక్కాడు. అక్కడి దుబ్బులు చూసి నోరు తెరిచాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న ఎండుగడ్డి కింద అవి ఊపిరాడక ఉన్నాయి. ఒక్కొక్క దుబ్బు నడినెత్తి బట్టతలైపోయింది. అంచున ఏవో నాలుగు పిలకలు మాత్రం పచ్చగా ఉన్నాయి. కొన్నింటికి అవి కూడా లేవు. ఎవరూ తినక, ఏదీ కాలక, ఆ గడ్డి తన ఎండుపుల్లల కిందే తాను చచ్చిపోతోంది.

చిట్టిమల్లుడికి అన్నల తప్పేమిటో తెలిసిపోయింది. ఆ రోజు మళ్ళీ నవ్వాడు.

మర్నాడు కరాళుడు చేట దిగుతుంటే ఎదురెళ్ళి దండం పెట్టాడు. "స్వామీ, పశులు కాసుకునేవాణ్ణి. తమ ప్రాణమున్న దుబ్బును ఎవరో కోస్తున్నారట, కాలుస్తున్నారట. వినలేకపోయాను. కాపలా ఉంటాను, కూడు పెట్టించండి చాలు."

కరాళుడు అతన్ని ఎగాదిగా చూశాడు. ఈ వెర్రిబాగులవాడి మొహంలో కుట్ర ఎక్కడా కనబడలేదు. "అయితే మూడు పనులు చెబుతాను, వినరా! ఒకటి, దుబ్బుకు జింక మూతి తగలకూడదు. రెండు, నిప్పురవ్వ పడకూడదు. మూడు, ఒక్క పరకైనా తెగకూడదు. ఏ ఒక్కటి తప్పినా ఇంకో రాతిబొమ్మకు గుమ్మంలో చోటుంది."

"చిత్తం" అన్నాడు చిట్టిమల్లుడు. ఇంతకన్నా మంచి పనులు అతను అడిగినా దొరకవు!

దుబ్బు చుట్టూ ముళ్ళకంచె కట్టాడు. కంచె చుట్టూ నిప్పు పాకకుండా నేల చెక్కాడు. పగలంతా అక్కడే కూర్చునేవాడు. సాయంత్రం గుమ్మం దగ్గరికొచ్చి అన్నల మొహాల మీద దుమ్ము తుడిచి, ఆ రోజు సంగతులు చెప్పేవాడు. వాళ్ళు వెక్కిరించకుండా వినడం అదే మొదలు.

మొదటి ఏడాది వానలకు దుబ్బు ఏపుగా పెరిగి కంకులు వేసింది. కరాళుడి జడలు బారెడు పెరిగాయి. "భేష్" అన్నాడు వాడు. రెండో ఏడు పాత పరకలు ఎండి కొత్తవాటి మీద వాలాయి. కరాళుడు ఆవలిస్తూ తిరగడం మొదలుపెట్టాడు. జడలు ఎంత దువ్వినా పీచులా ఉన్నాయి.

పొన్నవల్లి విసిగిపోయింది. "ఇంకెన్నాళ్ళు? వాడు నిద్రమత్తులో ఉన్నాడు కదా, ఇప్పుడు కోసేస్తే పోదూ?"

"కోస్తే బతుకుతాడు" అన్నాడు చిట్టిమల్లుడు. "వాడికి కష్టం పెట్టకూడదు రాకుమారీ. అదే వాడికి మందు."

ఆమె కాసేపు కోపంగా చూసి, తర్వాత పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి అతనికి పెట్టే అన్నంలో నెయ్యి కాస్త ఎక్కువ పడేది.

మూడో ఎండాకాలంలో పిడుగు పడి మైదానం అంటుకుంది. గాలికి మంట చెక్కిన నేల దాటి కంచె మీదికి దూకింది. ఇప్పుడు చూడండి చిట్టిమల్లుడి అవస్థ! ఆ దుబ్బు కాలిందంటే రెండేళ్ళ కష్టం బూడిదే, కరాళుడు మళ్ళీ పెళ్ళికొడుకే. మండుతున్న ముళ్ళకొమ్మలను వట్టి చేతులతో లాగి అవతల పారేశాడు. జింకలు గిట్టలతో మన్ను తొక్కి పోశాయి, పందికొక్కు ఇంత మట్టి ఎగజిమ్మింది. దుబ్బు దక్కింది. అతని అరచేతులు మాత్రం బొబ్బలెక్కిపోయాయి.

కరాళుడు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆ చేతులు చూసి పక్కనే కూర్చున్నాడు. "నా కోసం చేతులు కాల్చుకున్నావురా! నన్ను చూస్తే కన్నతల్లి కూడా తలుపేసుకునేది." తనే ఆకు పసరు తెచ్చి పూశాడు. వాడు దుర్మార్గుడే. అయినా, తను చంపుతున్నవాడి చేతే మందు రాయించుకోవడం ఎంత సిగ్గో చిట్టిమల్లుడికి ఆ రోజే తెలిసింది.

మళ్ళీ వానలొచ్చాయి, పోయాయి. దుబ్బు నడినెత్తి బట్టతలైంది. కరాళుడి నెత్తీ బట్టతలైంది. మంచం దిగలేడు, మంత్రదండం ఎత్తలేడు, మాట్లాడితే దగ్గు. అంచున మూడే పిలకలు మిగిలాయి.

"ఇంకొక్క ఎండాకాలం" అంది పొన్నవల్లి. "వాడు పోతాడు, నా సంకెల ఊడుతుంది."

"మా అన్నలు లేస్తారు" అన్నాడు చిట్టిమల్లుడు.

పంజరం పైన కూర్చున్న చిలక గొంతు సవరించుకుంది. "సంకెల ఊడుతుంది గానీ, రాళ్ళు లేవవు. వాటిని వాడే నోటితో పిలవాలి. వాడు చస్తే రాయి ఇక రాయే."

"ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు చిట్టిమల్లుడు.

"అడిగారా ఎవరైనా? వచ్చినవాడల్లా నా మెడ పట్టుకునేవాడే గానీ, మాట అడిగినవాడు ఒక్కడున్నాడా?"

చిట్టిమల్లుడు తల పట్టుకున్నాడు. వాణ్ణి చావనిస్తే అన్నలు పోతారు. బతికిస్తే వాడు దండమెత్తి అందరినీ రాళ్ళు చేస్తాడు. పొన్నవల్లి తన సంకెల వంక చూసుకుంది, ఆ తర్వాత అతని వంక చూసింది. "నా ఒక్కదాని కాలు కోసం ఇద్దరు మనుషుల్ని గుమ్మానికి వదిలేసి వెళ్ళను. ఏదో ఒకటి ఆలోచించండి" అంది. చిట్టిమల్లుడు చేసుకుంటే ఈమెనే చేసుకోవాలనుకున్నది సరిగ్గా అప్పుడే.

ఆలోచించి, కంచె తీశాడు. అంచున ఉన్న మూడు పిలకలనూ వేళ్ళతో పాటు మెల్లగా చీల్చి తీసి తడిగుడ్డలో చుట్టాడు. చిలక కాలికి కట్టి, చెవిలో చెప్పవలసింది చెప్పి ఎగరేశాడు. అప్పుడు కరాళుడి మంచం దగ్గరికి వెళ్ళాడు.

"నాకేమవుతోంది నాయనా?" అన్నాడు కరాళుడు.

"నేను చంపుతున్నాను స్వామీ. కంటికి రెప్పలా చూసుకుని చంపుతున్నాను. గుమ్మంలో ఉన్నవాళ్ళు మా అన్నలు." అంతా చెప్పేశాడు. "ఇప్పుడు నీ ప్రాణం ఇక్కడ లేదు. మా అమ్మ పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళు పోస్తుంది, దూడ చేత మేపిస్తుంది, నువ్వు లేస్తావు. లేచి మా అన్నల్ని లేపావా సరే. కాదని మాలో ఎవరినైనా ముట్టుకున్నావా, చిలక వెళ్ళి చెబుతుంది. ఆ మీద మా అమ్మ నీ దుబ్బు చుట్టూ కంచె కడుతుంది. కోడిపిల్లను కూడా దగ్గరికి రానివ్వదు."

కరాళుడు కళ్ళు మూసుకున్నాడు. "అమ్మో, నువ్వొక్కడివే ఇంత చేశావు. తల్లి అయితే ఇంకేమైనా ఉందా!"

ఏడు సముద్రాల ఇవతల మాచాంబ ఆ మూడు పిలకలనూ చూసి ఒళ్ళు మండిపోయి పారేయబోయింది. తన కొడుకులను మింగినవాడి ప్రాణం! చిలక చెప్పిందంతా విన్నాక, పళ్ళు బిగబట్టి గొయ్యి తవ్వింది. పిలకలు నాటింది. రోజూ చెంబెడు నీళ్ళు, రోజూ ఇంత శాపనార్థం. అవి వేరు పట్టాక దూడను వదిలింది. దూడ కొరికింది, పిలక లేచింది. మళ్ళీ కొరికింది, పది పిలకలు లేచాయి.

దీవిలో కరాళుడు మంచం దిగాడు. నెత్తిన లేత జుట్టు మొలిచింది. దండం ఎత్తాడు. చిట్టిమల్లుడు, పొన్నవల్లి చూస్తూ నిలబడ్డారు. దండం అతని బొబ్బల మచ్చల చేతుల వైపు ఒక్క క్షణం ఆగింది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది. "ధీరమల్లా, లే! వీరమల్లా, లే!"

అన్నలిద్దరూ ఆవలించి లేచారు. "ఏరా చిట్టీ, నువ్విక్కడేం చేస్తున్నావు?" అన్నారు. చిట్టిమల్లుడు వాళ్ళ మెడల మీద పడి ఏడుస్తూ నవ్వాడు. పొన్నవల్లి కాలి సంకెలను కరాళుడు తనే విప్పాడు. చేట కూడా ఇచ్చాడు. నలుగురెక్కేసరికి అది కిర్రుకిర్రుమంటూ ఎగిరింది.

వీధి వాకిట్లో కూర్చున్న మాచాంబ ముందు చేట దిగింది. ఆవిడ లేవబోయి లేవలేకపోయింది. ముగ్గురినీ తడిమి తడిమి చూసింది, పేరుపేరునా పిలిచి చూసింది. పొన్నవల్లిని దగ్గరకు తీసుకుని బుగ్గలు నిమిరింది. అప్పుడు ధీరమల్లుడు పెరట్లో దుబ్బును చూశాడు.

"అమ్మా, ఇక వాడితో మనకేం పని? పీకి పారేద్దాం!" అన్నాడు. వీరమల్లుడైతే అప్పుడే ముళ్ళకంపలు మోసుకొచ్చేశాడు.

మాచాంబ దుబ్బుకు అడ్డంగా నిలబడింది. "ఊరుకోండర్రా. మొదటిరోజు దీనికి నీళ్ళు పోయడానికి నాకు చెయ్యి రాలేదు. కానీ మీరిద్దరూ తిరిగొచ్చే దారి ఈ పరకల్లోనే ఉందాయె. ఒక ఆకు వాడితే నా గుండె ఆగినంత పనయ్యేది. ఇన్నాళ్ళు మిమ్మల్ని పెంచినట్టు పెంచాను దీన్ని. మీరొచ్చేశారని ఇప్పుడు చంపమంటారా?"

కంపలు తీసి అవతల పడేయమని వీరమల్లుడికి చెప్పి, ఆవిడ దూడ పలుపు విప్పింది. అది చెంగున వచ్చి దుబ్బులో మూతి పెట్టింది.

చిట్టిమల్లుడికీ పొన్నవల్లికీ అంగరంగ వైభవంగా పెళ్ళయింది. సింగవర్మ తర్వాత అన్నలే పట్టుబట్టి చిట్టిమల్లుణ్ణి గద్దె ఎక్కించారు. అతను చాలాకాలం రాజ్యమేలాడు. ఏ మైదానంలో ఎప్పుడు మేపాలో, ఎప్పుడు వదిలెయ్యాలో రాజే దగ్గరుండి చెప్పిన రాజ్యం అదొక్కటే. మాచాంబ దుబ్బు పెరిగి పెరిగి పెరడు పట్టకపోతే, దాన్ని పిలకలుగా చీల్చి ఊరూరా ఇంటింటికీ పంచింది. ఇప్పుడు కరాళుడి ప్రాణం ఏ ఇంటి పెరట్లో ఉందో వాడికే తెలియదు. అందుకే వాడు అందరితోనూ మర్యాదగా ఉంటాడు, తన జడలు తనే దువ్వుకుంటాడు. సరే, మన ఆవులు కూడా అరుస్తున్నాయి. లేవండి పిల్లలూ, వెళ్ళి విప్పండి.